మంచం కదలొద్దన్నది పెద్దమ్మ

పోయిన వారం మా బాత్‌రూమ్ గోడకు స్టీలు కడ్డీ బిగించడానికి ఒక ప్లంబర్ వచ్చాడు. చెవి మీద పెన్సిల్ పెట్టుకున్న నిదానమైన మనిషి. "ఎంత ఎత్తుల పెట్టాలె మేడమ్?" అని అడిగాడు. నేను ఆలోచించేలోపే నా చెయ్యి దానంతటదే గోడ మీద ఒక చోటికి పోయి ఆగింది. అతను టేపు పెట్టి చూసి, "ఇది జర కిందికైతది మేడమ్, అందరిండ్లల్ల ఇంకా మీదికే పెడ్తం" అన్నాడు. "మా ఇండ్లల్ల ఎత్తు ఇదే, ఇక్కడనే పెట్టు" అన్నాను. మా ఇంట్లో ఇంతకుముందు కడ్డీ అన్నదే లేదని గోడ చూస్తేనే తెలుస్తోంది. ముసలామెతో వాదన ఎందుకనుకున్నాడేమో, అక్కడే పెన్సిల్‌తో గీత గీసుకున్నాడు.

ఈ కడ్డీ సంగతి మొదలుపెట్టింది మా అమ్మాయి. కాప్రాలో దాని ఇంట్లోనే ఉంటున్నాను, పోయిన వానాకాలం బాత్‌రూమ్‌లో కాలు జారింది. బకెట్ పట్టుకుని కింద కూర్చుండిపోయాను, దెబ్బ తగల్లేదు. దెబ్బ తగిలింది మా అబ్బాయి మనసుకు. వాడు ఘట్‌కేసర్‌లో కొత్తగా ఫ్లాట్ తీసుకున్నాడు. "కొడుకునుండంగ అక్క ఇంట్లనే ఎందుకుంటవు మమ్మీ, ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు మా దగ్గర ఉండు, ఇద్దరం సమానంగ చూసుకుంటం" అన్నాడు. మా అమ్మాయి కూడా తల ఊపింది. సమానం అన్న మాట వినగానే నాకు నవ్వూ వచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. ఆ మాట వల్ల మా బాపమ్మ ఎన్నిసార్లు నేల మీద పడిందో ఈ పిల్లలకు తెలియదు.

బాపమ్మ అంటే మా బాపు తల్లి. ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దాయన, అంటే మా పెద్దబాపు, ఉప్పల్‌లో ఉండేవాడు, బస్సు డిపోలో మెకానిక్. మా బాపు నాచారంలో దారం మిల్లులో పని చేసేవాడు. తాత పోయాక ఊళ్లో ఇల్లు మూతపెట్టి బాపమ్మను పట్నం తెచ్చుకున్నారు. ఆ రోజే అన్నదమ్ములిద్దరూ ఒప్పందం చేసుకున్నారు, నెల వంతు. ఒక నెల ఉప్పల్‌లో, ఒక నెల నాచారంలో. మా చర్చిలో ప్రతి నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఉండేది, రెండిళ్ల వాళ్లం తప్పకుండా కలుసుకునేది ఆ రోజే. అందుకని బాపమ్మ మారేది కూడా ఆ రోజే అయింది. ఒక ఇంటి నుంచి రిక్షాలో రేకు పెట్టెతో చర్చికి వచ్చేది, సంస్కారం తీసుకుని, ఆరాధన అయ్యాక అదే పెట్టెతో రెండో ఇంటికి పోయేది. చర్చి వసారాలో ఒక కోడలు పెట్టెను కింద పెడితే ఇంకో కోడలు అందుకునేది. పాస్టరు అయ్యగారు మెట్ల మీద నిలబడి అందరికీ వందనాలు చెబుతూ, ఆ పెట్టె చేతులు మారడం చూసి, "ఈ కాలంలో ఇట్లాంటి కొడుకులు దొరకరమ్మా" అని మెచ్చుకునేవాడు. మా బాపు, పెద్దబాపు తలలు వంచుకుని చిన్నగా నవ్వుకునేవారు. ఆ మెప్పు కోసం కాదని ఇద్దరూ అనేవారు గానీ, అది లేకుండా ఇద్దరికీ ఆదివారం అన్నం అరిగేది కాదని మా అమ్మ అనేది.

పెద్దబాపుది సొంతిల్లు, స్లాబు ఇల్లు. వాన పడితే వాళ్ల గల్లీలో నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేవి, అందుకని పునాది బాగా ఎత్తు లేపి కట్టించుకున్నాడు. వాకిట్లోకి దిగాలన్నా, పెరట్లో దొడ్డికి పోవాలన్నా నిటారు మెట్లే. ఆ ఇంట్లో బాపమ్మ కోసమని ప్రత్యేకంగా ఒక చిన్న గది వేయించాడు. కొడుకులిద్దరూ తల్లిని అవ్వా అనేవారు గనుక దాన్ని అందరం 'అవ్వ రూము' అనేవాళ్లం. నీలం సున్నం, కొత్త కిటికీ, కిటికీకి గులాబీ రంగు పరదా. బాపమ్మ లేని నెలలో కూడా అందులో ఎవరినీ పడుకోనిచ్చేవాడు కాదు. మాది కిరాయి ఇల్లు. ఒక పాత కాపు కుటుంబం వాళ్ల పొలం ఇళ్ల స్థలాలు అయ్యాక, మిగిలిన జాగాలో వరసగా వేసిన రెండేసి గదుల ఇళ్లలో ఒకటి. పైన రేకులు, కింద షాబాదు బండలు, గడప కూడా నామమాత్రం. దొడ్డి గది ఇంటికి ఆనుకునే ఉండేది, వాసన వచ్చేదని మా అమ్మ ఎప్పుడూ గొణిగేది.

బాపమ్మ మా ఇంట్లో ఉన్న నెలంతా ఇల్లు ఆముదమూ తంబాకూ కలిసిన వాసన వేసేది. పొద్దున మిల్లు సైరన్ వినపడగానే లేచి కూర్చుని, మోకాళ్లకు ఆముదం రాసుకుంటూ ఒక కీర్తన మొదలుపెట్టేది. చరణాలు మరిచిపోతే పల్లవి మీదే మూడు నాలుగు సార్లు తిరిగేది. పండ్లు లేవు గనుక జొన్నరొట్టెను చాయ్‌లో నానబెట్టుకుని తినేది. తంబాకు అయ్యగారికి తెలియకూడదని బొడ్లో చిన్న సంచి దాచుకునేది, ఆ సంచి సంగతి అయ్యగారితో సహా సంఘం మొత్తానికి తెలుసు. మధ్యాహ్నం బాపు డ్యూటీ నుంచి తల నిండా దూది నుసితో వస్తే, దగ్గరికి పిలిచి ఆ నుసిని ఒక్కొక్కటే ఏరేది. రెండు కళ్లకూ శుక్లాలు, అయినా చేతి వేళ్లతో ఏరేది. ఆపరేషన్ అంటే మాత్రం, "దేవుడిచ్చిన కండ్లకు కత్తి పెట్టనియ్య" అని ముసుగు కప్పుకుని పడుకునేది.

ఆమెకు ఇంకో అలవాటుంది, అదే ఇద్దరు కోడళ్లకూ నిప్పు రాజేసింది. మా ఇంట్లో అన్నం తింటూ పెద్దమ్మ వంటను మెచ్చుకునేది. "సువార్త చేసినట్టు పచ్చిపులుసు ఎవ్వలు చెయ్యరు" అనేది. ఉప్పల్‌లో కూర్చుని మా అమ్మ వంటను మెచ్చుకునేది. "కరుణ చేతి పప్పు తింటే పానం లేచొస్తది" అనేది. లేని కోడలిని లేనప్పుడు మెచ్చుకోవాలని, అప్పుడే ఇంట్లో ఇద్దరి పేరూ నిలబడుతుందని ఆమె లెక్క. కానీ ఆ లెక్క తిరగబడింది. ఎదురుగా ఉన్న కోడలి వంట మాత్రం ఏ నెలా బాగుండేది కాదు కదా. మా అమ్మ పచ్చిపులుసు చేయడమే మానేసింది. పెద్దమ్మ పప్పు గిన్నె చూస్తే మొఖం మాడ్చుకునేదట. చర్చిలో కలిసినప్పుడు ఇద్దరూ "వందనాలు అక్కా", "వందనాలు చెల్లె" అనుకుని పెట్టె ఇచ్చి పుచ్చుకునేవారు, అంతకు మించి మాటల్లేవు.

అలాంటి రోజుల్లో బాపమ్మ పడడం మొదలైంది. ఒకసారి ఉప్పల్‌లో మెట్ల దగ్గర, ఒకసారి మా ఇంట్లో మంచం పక్కన. ఒకసారి మోచెయ్యి గీరుకుంటే, ఒకసారి నుదురు బొప్పి కట్టింది. ఉప్పల్ నుంచి దెబ్బతో వస్తే మా అమ్మ, "ఏం తినవెడ్తున్నరో ఏమో, కాళ్లల్ల బలం లేదు" అనేది. మా ఇంట్లో పడితే ఆ మాటే పెద్దమ్మ అనేది. పెద్దబాపు దవాఖానాకు తీసుకుపోయాడు. అక్కడ డాక్టర్ కాళ్లు, నడుము నొక్కి చూసి, ఎముకలు పెళుసైనాయి, ఇంకొకసారి గట్టిగా పడితే తుంటి ఇరుగుతుంది, ఇరిగితే ఈ వయసులో మళ్లీ లేవడం కష్టమని చెప్పాడు. ఆ సాయంత్రం పెద్దబాపు సైకిల్ మీద మా ఇంటికి వచ్చి, చాయ్ కూడా తాగకుండా ఆ మాట చెప్పి, "ఇగ అవ్వను నడిపిద్దమా, మంచంల పడగొడ్దమా, మన చేతులనే ఉన్నది తమ్మీ" అన్నాడు. మా బాపు ఏడవడం నేను మొదటిసారి చూసింది ఆ సాయంత్రమే.

ఆ తర్వాత వచ్చిన వంతులో ఒక మధ్యాహ్నం అసలు సంగతి బయటపడింది. బాపమ్మ ఉప్పల్ నుంచి వచ్చి ఇంకా రెండు మూడు రోజులే. నేను పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను, అమ్మ గుమ్మం దగ్గర బియ్యం చెరుగుతోంది. బాపమ్మ కునుకు తీసి లేచింది. మా ఇంట్లో ఆమె మంచం మీద నుంచి లేస్తే తలుపు కుడి చేతి వైపు. ఆమె మాత్రం ఎడమ వైపుకు తిరిగి, నింపాదిగా నడుచుకుంటూ గోడ దగ్గరికి పోయింది. అరచెయ్యి గోడకు ఆనించి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి తడిమింది. ఇంకొంచెం జరిగి మళ్లీ తడిమింది. నేను మాట్లాడబోతే అమ్మ చెయ్యెత్తి ఆపింది. బాపమ్మ గోడ మీద మెల్లగా కొట్టి, "తలుపెవలు పెట్టిన్రు? తియ్యున్రి బిడ్డా, దొడ్డికి పోవాలె" అంది.

అమ్మ చేట పక్కన పెట్టి పోయి ఆమె భుజం పట్టుకుంది. "ఇక్కడ తలుపు లేదత్తమ్మా. తలుపు అటు."

"లేదేంది? ఈడనే గద ఉంటది."

"అది అక్క వాళ్లింట్ల. మీరు నాచారం వచ్చిన్రు."

బాపమ్మ చాలాసేపు గోడ మీద చెయ్యి తీయలేదు. తర్వాత అంది, "లేవంగనే ఏ ఇంట్ల ఉన్ననో తెల్వది కరుణా. కండ్లేమో కానవు. నా కాళ్లు ముందటి ఇంటికే పోతయి. ఈడ అలవాటయ్యేటాళ్లకు మల్ల పెట్టె కట్టే దినమొస్తది." ఆమె ఇది ఫిర్యాదులాగా చెప్పలేదు. వాన పడుతోంది అన్నట్టు చెప్పింది. మా అమ్మ ఆమెను దొడ్డికి తీసుకుపోయి తెచ్చి పడుకోబెట్టి, వంటగదిలోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తిండి కాదు, బలం కాదు. ఆమె పడ్డవన్నీ ఇల్లు మారిన కొత్తలోనే అని అప్పుడు గుర్తు చేసుకుంది.

రాత్రి అన్నాల దగ్గర ఈ మాట విని మా బాపు ఉపాయం కనిపెట్టాడు. మిల్లులో పని చేసే మనిషి గదా, ప్రతిదానికీ ఒక ఏర్పాటు ఉంటుందని ఆయన నమ్మకం. రెండిళ్లనూ ఒకే తీరు చేసేస్తే అవ్వకు తేడా తెలియదన్నాడు. మరుసటి రోజు దారపు ఉండ పట్టుకుని ఉప్పల్ పోయి అవ్వ రూము కొలతలు తీసుకొచ్చాడు. మంచాన్ని అడ్డం తిప్పాడు. నీళ్ల కుండ తీసి కిటికీ కింద పెట్టాడు. ఎడమ వైపు తలుపును మాత్రం ఎక్కడి నుంచి తెస్తాడు? అందుకని మంచాన్ని మళ్లీ తిప్పి, తలుపు ఎడమకు వచ్చేటట్టు వేశాడు. అప్పుడు బీరువాకు జాగా లేకపోయింది, దాన్ని తీసుకుపోయి వంటగది దారికి అడ్డం పెట్టాడు. మా అమ్మ వంట చేయడానికి పక్కవాటుగా దూరి పోవలసి వచ్చేది. ఇంత చేస్తే బాపమ్మ సాయంత్రం లేచి, బీరువాకు మోకాలు కొట్టుకుని, దాన్ని తడిమి తడిమి, "ఇది ఎవలిల్లు బిడ్డా? నన్ను ఏడికి తోలుకొచ్చిన్రు?" అని భయంగా అడిగింది. రెండిళ్లే ఎక్కువైన మనిషికి మా బాపు మూడో ఇల్లు కట్టిపెట్టాడు. ఆ పూటే బీరువా తిరిగి దాని మూలకు పోయింది.

తర్వాతి ప్రభువు బల్ల ఆదివారం దగ్గర పడుతున్న కొద్దీ మా అమ్మ ముఖంలో రంగు లేదు. బాపమ్మను ఉప్పల్ పంపితే మళ్లీ కొత్త చోటు, పైగా ఆ మెట్లు. పంపనంటే? పెద్ద కొడుకు ఇంటి నుంచి తల్లిని గుంజుకున్నట్టు, పెద్ద కోడలికి సాకడం చేతకాదన్నట్టు. పోనీ మీ దగ్గరే ఉంచుకోండని అంటే, మా వంతు వదిలించుకున్నట్టు. ఎటు మాట్లాడినా ఒక ఇంటి పరువు పోయేదే. బాపమ్మతో అంటే ఆమె అసలే ఒప్పుకోలేదు. "ఒక్కని ఇంట్లనే కూసుంటే రెండోడు తల్లిని సాకలేదంటరు. ఆ మాట నా కొడుకు మీద పడొద్దు. పడితే నేనే పడ్త" అంది. ఎప్పటిలాగే రేకు పెట్టె కట్టించుకుంది.

ఆరాధన అయింది. చర్చి వసారాలో బల్ల మీద బాపమ్మ కూర్చుంది, పక్కన పెట్టె. బయట రిక్షా ఆగి ఉంది. పెద్దమ్మ వచ్చి "వందనాలు చెల్లె" అని పెట్టె మీద చెయ్యి వేసింది. మా అమ్మ పెట్టె వదల్లేదు. "ఒక్క మాట అక్కా" అంది. అన్నేళ్లలో వందనాల తర్వాత ఇంకో మాట రావడం అదే మొదలు. ఏది చెయ్యాలో అమ్మ చెప్పలేదు. తాను చూసింది మాత్రం చెప్పింది. మధ్యాహ్నం లేవడం, ఎడమకు తిరగడం, గోడ తడమడం, తలుపెవలు పెట్టిన్రు అనడం.

పెద్దమ్మ ముఖం మెల్లగా మారిపోయింది. "మా ఇంట్ల గూడ గోడకు చెయ్యి పెట్టి నిలబడ్తది చెల్లె" అంది. "కుడిదిక్కు గోడకు. నోట్ల ఏదో అనుకుంట నిలబడ్తది. నేను ప్రార్థన చేస్తున్నదనుకున్న. రేడియో బందు పెట్టించి, పిల్లలను సప్పుడు చెయ్యొద్దని, మేమందరం గూడ తలలొంచి నిలబడేది. ఆమె ప్రార్థన అయ్యేదాక ఎవ్వలం కదలకపోయేది."

నిజంగానే ఉప్పల్‌లో అలా జరిగేదట. తలుపు దొరకక ఆ ముసలామె గోడను బతిమాలుకుంటుంటే, దైవభక్తి గల ఒక కుటుంబం మొత్తం ఆమె వెనక కళ్లు మూసుకుని నిలబడేది. ఒక్కరు కళ్లు తెరిచి చెయ్యి పట్టుకుంటే సరిపోయేది. మా పెద్దమ్మకు ఆ క్షణంలో నవ్వు వచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఏడుపయింది. మా అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. బల్ల మీద నుంచి బాపమ్మ, "ప్రార్థన గూడ చేసిన సువార్తా. తలుపు దొరకాలని చేసిన" అంది తాపీగా. ఇద్దరు కోడళ్లూ ఆమెకు చెరో పక్కన కూలబడి నవ్వారు.

ఇంతలో అన్నదమ్ములు వచ్చారు. సంగతి విని పెద్దబాపు, "అట్లయితే అవ్వ ఇగ నా ఇంట్లనే ఉంటది. సొంతిల్లు, సొంత రూము. ఆమె కోసమే కట్టిన" అన్నాడు.

"మెట్లో?" అంది పెద్దమ్మ.

"పలగ్గొడ్త."

"పలగ్గొడితే వానల ఇంట్లకు నీళ్లొస్తయి. మెట్లు దిగలేకనే గద ఆమె పోయినసారి పడ్డది." పెద్దమ్మ గొంతు తగ్గించింది. "కరుణోళ్ల ఇల్లు నేలకున్నది. దొడ్డి దగ్గర. మంచం ఆడనే ఉండనియ్యి. మల్ల కదలొద్దు."

పెద్దబాపు ముఖం నల్లబడింది. నీలం సున్నం వేయించిన గది ఖాళీగా ఉండాలి, తల్లి రేకుల కింద కిరాయి ఇంట్లో ఉండాలి. సంఘంలో, ఊళ్లో ఏమంటారు? బాపమ్మ కూడా గట్టిగా తల అడ్డం ఊపింది. "వద్దు సువార్తా. వంతు వంతే."

"వంతు ఏడికి పోదత్తమ్మా" అంది పెద్దమ్మ. "నా నెల నాదే, నేనెవ్వలకియ్య. మీరు రాకుంటే నేనే వస్త. పొద్దుగాల బస్సెక్కి వస్త, నా బియ్యం, నా పప్పు తెచ్చుకుంట, నా చేతులతోని వండి పెడ్త. కంచం నాది, మంచం మీది. ఎవలన్న అడిగితే, ఈ నెల నా పెద్దకొడుకు అన్నం తింటున్న అని చెప్పున్రి."

బయట రిక్షా అతను విసుగ్గా కేక వేశాడు. "యాడ దించాలె సారూ, ఉప్పలా, నాచారమా? జల్ది చెప్పున్రి, నాకు ఇంకో సవారి ఉన్నది."

అందరం పెద్దబాపు వైపు చూశాం. ఆయన తల్లి వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వంగి రేకు పెట్టెను తానే ఎత్తుకుని, మెట్లు దిగి రిక్షాలో పెట్టి, "నాచారం పోనియ్యి" అన్నాడు. అప్పుడు మా గుండెల మీద నుంచి ఎంత బరువు దిగిందో ఇప్పటికీ నాకు తెలుస్తూనే ఉంటుంది. మా బాపు అన్న చేతులు రెండూ పట్టుకున్నాడు. బాపమ్మ రిక్షా ఎక్కుతూ, అయ్యగారు చూస్తుండగానే, బొడ్లో నుంచి తంబాకు తీసి నోట్లో వేసుకుంది.

ఆ తర్వాతి రోజుల్ని తలుచుకుంటే నాకు సంతోషమే. పెద్దబాపు తన వంతుగా లాలాపేటలో కట్టె కోత మిషను దగ్గర నున్నటి టేకు కర్ర కోయించి తెచ్చాడు. బాపమ్మను గోడ పక్కన నిలబెట్టి, "చెయ్యి చాపవ్వా" అని, ఆమె చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ గీత పెట్టి, మంచం నుంచి దొడ్డి తలుపు దాకా ఆ కర్ర బిగించాడు. ఆమె పొట్టి మనిషి, కర్ర మా అందరికీ కిందికే ఉండేది. గోడకు రంధ్రాలు పెడుతున్నారని ఇంటి ఓనరమ్మ చూడటానికి వచ్చింది. కాసేపు నిలబడి, తాను కూడా కర్ర పట్టుకుని ఆ చివరి దాకా నడిచి చూసి, "ఉండనియ్యున్రి, రేపు నాకు గూడ పనికొస్తది" అని పోయింది.

పెద్దమ్మ నెల వస్తే పొద్దున్నే బస్సు దిగి, సంచిలో బియ్యం, చింతపండుతో వచ్చేది. మా కిరసనాయిలు స్టవ్ మీద ఆమె వండుతుంటే మా అమ్మ ఉల్లిగడ్డ కోసిచ్చేది. పచ్చిపులుసు ఎలా కలపాలో అమ్మ అప్పుడే నేర్చుకుంది, పప్పులో అమ్మ వేసేది ఎండుమిరపకాయ కాదు, మెంతులని పెద్దమ్మ అప్పుడే కనిపెట్టింది. పాపం, కష్టమొచ్చింది బాపమ్మకే. ఇద్దరు కోడళ్లూ ఎదురుగానే ఉంటే లేని కోడలు ఎవరు మెచ్చుకోవడానికి? కొన్నాళ్లు ఇబ్బందిపడి, ఎప్పుడో పోయిన తన అత్త వంటను మెచ్చుకోవడం మొదలుపెట్టింది. "మా అత్త చేసేది జూడు గోంగూర" అని మొదలుపెడితే కోడళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవారు. పెద్దబాపు డ్యూటీ అయ్యాక వచ్చి తల్లి మంచం పక్కన చాప మీద ఒరిగేవాడు, కొన్నిసార్లు అక్కడే నిద్రపోయేవాడు. అంత ఎత్తు మనిషి కాళ్లు గడప దాటి బయటికి ఉండేవి.

బాపమ్మ మళ్లీ పడలేదు. ఆ తర్వాత కొన్నేళ్లు బతికింది. మిల్లు సైరన్‌కు లేచి, కర్ర మీద చెయ్యి జార్చుకుంటూ దొడ్డికి పోయి వచ్చి, ఆముదం రాసుకుని పల్లవి పాడుకునేది. కర్ర ఆమె చెయ్యి తగిలే పైభాగంలో నూనె పట్టి మెరిసేది. పోయేముందు వారం దాకా తన కాళ్ల మీద తానే నడిచింది, ఒక చలికాలం పొద్దున నిద్రలోనే పోయింది. అది పెద్దమ్మ నెల. పెద్ద కొడుకు అన్నం తిని పోయింది గనుక తల్లిని సాకలేదనే మాట పెద్దబాపు మీద ఎవరూ అనలేకపోయారు.

మేం ఆ కిరాయి ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఓనరమ్మ కర్ర అడిగింది. పెద్దబాపు ఆమెకు కొత్త కర్ర తెచ్చి బిగించి, పాతది ఉప్పల్ తీసుకుపోయాడు. అవ్వ రూములో గోడకు అదే ఎత్తులో బిగించాడు. చాలా ఏళ్ల తర్వాత ఆయనకే మోకాళ్లు పోయి ఆ గదిలోకే మంచం మారింది. నేను చూడటానికి పోతే, అంత పొడుగు మనిషి నడుము వంచి ఆ కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. "జర మీదికి పెట్టించుకోరాదా పెద్దబాపూ" అన్నాను. "పెట్టించుకోమనే అంటున్న, వింటడా" అంది పెద్దమ్మ. ఆయన కర్రను అరచేత్తో ఒకసారి నిమిరి, "ఇది అవ్వ చెయ్యి ఉండే జాగ బిడ్డా" అని మంచం దాకా వంగే నడిచాడు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని చూసుకుంటే, వస్తువులు నాకే మేలు. కళ్లకు ఆపరేషన్ చేయించుకున్నాను, బాత్‌రూమ్ పడకగదిలోనే ఉంది, కడ్డీ తుప్పు పట్టదట. మనుషులు మాత్రం అప్పటిలాగే ఉన్నారు. ప్రేమ ఎక్కువైనప్పుడు పంచుకుంటారు, ముసలి ప్రాణాన్ని కూడా సమానంగా కోయాలని చూస్తారు. అందుకే అబ్బాయికి ఫోన్‌లో ఈ కథ మొత్తం చెప్పాను. అంతా విని, "మరి నా వంతు మమ్మీ?" అన్నాడు. గొంతులో బాధ ఉంది. "నీ వంతు నీదే. నా మంచం ఇక్కడనే ఉంటది, నువ్వే రా. వచ్చేటప్పుడు ఏమన్న వండుకొని రా" అన్నాను.

మొన్న శనివారం వచ్చాడు. కోడలు ఊళ్లో లేదట, తానే చేశానని డబ్బాలో పప్పు తెచ్చాడు. పప్పు ఉడకలేదు, ఉప్పు మాత్రం దండిగా పడింది. నేను రెండోసారి కూడా పెట్టించుకుని తిని, "అక్క చేసే పప్పు ఇంకా మంచిగుంటది" అన్నాను. వాడు ఉడుక్కుని, "వచ్చే శనివారం చూడు" అన్నాడు. మా అమ్మాయి వంటగదిలోంచి, "నేను చేసినప్పుడు తమ్ముడి కోడిగుడ్డు కూరను మెచ్చుకుంటది" అని అరిచింది. ముగ్గురం నవ్వుకున్నాం. చేతులు కడుక్కోవడానికి లేచాను. వాడు నాకోసం లేవబోతే వద్దని, బాత్‌రూమ్‌లోకి పోయి చూడకుండానే చెయ్యి చాపాను. కడ్డీ ఉండవలసిన చోటే ఉంది.